ఇంటి స్టూడియో: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: తెనాలిలో మా మేడ మీది గదిలో పౌరాణిక నాటక పద్యాలు, భజన కీర్తనలు రికార్డు చేస్తుంటాను. గాయకుడు హార్మోనియం శ్రుతి మీద పాడిన తరువాత తంబూర, వయొలిన్, వేణువు వంటివి కీబోర్డు మీద నేనే చేరుస్తాను. కీర్తనలకైతే తబలా, డోలక్ కళాకారులు వచ్చి వాయిస్తారు. చాలా ఏళ్లుగా వాడుతున్న పాత రికార్డింగు సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్లో తరచూ ఆగిపోతున్నది, దానికి కొత్త వెర్షన్ వచ్చే ఆశ కూడా లేదు. ఒక మిత్రుడు మ్యాక్ కొని లాజిక్ తీసుకోమంటున్నాడు, మరొకరు క్యూబేస్ అంటున్నారు, మా అబ్బాయి రీపర్ చాలంటున్నాడు. ఏది తీసుకోమంటారు? — ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: మీ ఉత్తరంలో ముగ్గురు సలహాదారులున్నారు గాని, ముగ్గురిలో ఎవరూ మీరు పద్యం రికార్డు చేస్తుండగా పక్కన కూర్చుని చూసినట్టు లేదు. కనుక సాఫ్ట్‌వేర్ పేర్లను కాసేపు పక్కన పెట్టి, ఇటీవల మీరు పూర్తిచేసిన మూడు రికార్డింగులను గుర్తు తెచ్చుకొని, ఒక్కొక్కదానిలో ఏ పనికి ఎంత సమయం పట్టిందో కాగితం మీద రాయండి. గాయకుడు పాడిన నాలుగైదు టేకుల్లోంచి మంచి ముక్కలు ఏరి అతికించడానికి ఎంత, కీబోర్డు వరుసలు వాయించి సవరించడానికి ఎంత, తబలా లయ సరిచేయడానికి ఎంత, చివరి మిక్సింగుకు ఎంత అన్నది వేరువేరుగా రాయండి. మీ పని స్వభావాన్ని బట్టి చూస్తే సగానికి పైగా కాలం గొంతు టేకుల మీదే గడుస్తుండవచ్చు. అదే నిజమైతే, వేల కొద్దీ డ్రమ్ లూపులు ఇచ్చే సాఫ్ట్‌వేర్ కంటే, టేకులను ఒకదాని కింద ఒకటి పరిచి, కావలసిన భాగం మీద మౌస్ ఈడ్చితే చాలు అది పై వరుసకు చేరే ఏర్పాటు బాగున్న సాఫ్ట్‌వేర్ మీకు కావాలి. ఆ ఏర్పాటు మీరడిగిన మూడింటిలోనూ ఉంది. రీపర్‌లో దీనికి అనువైన ప్రత్యేక వరుసలు 2023లో వచ్చిన ఏడో వెర్షన్‌తో చేరాయి. కనుక దాని గురించి పాత వెర్షన్ వాడినవారు చెప్పిన మాటను మాత్రమే నమ్మకండి.

ఇక అసలైన సంగతి పద్యం. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ పాటకు ఒక టెంపో, అంటే నడిచే వేగం, ఉంటుందని, అది గళ్ల కాగితం మీద గళ్లలా సమంగా సాగుతుందని ముందే అనుకొని తెర పరుస్తాయి. పద్యానికి ఆ లెక్క వర్తించదు. గాయకుడు ఒక పాదాన్ని పరుగెత్తించి, మరొక పాదం చివర రాగం అందుకొని, ప్రేక్షకుల చప్పట్లను బట్టి దాన్ని పెంచుకుంటూ పోతాడు. అటువంటి గొంతును క్లిక్ (లయ చూపే టిక్ టిక్ శబ్దం) వినిపిస్తూ పాడించడం పద్యాన్ని చంపడమే. కాబట్టి మీరు పరీక్షించవలసిన మొదటి విషయం, గళ్లను పూర్తిగా పక్కన పెట్టి నిమిషాలు, సెకన్ల లెక్కన హాయిగా పని చేసుకోగలరా అన్నది. క్యూబేస్‌లో ఒక్కొక్క ట్రాకును (ఒక గొంతు లేదా ఒక వాద్యం ఉండే వరుసను) టెంపోకు కట్టి ఉంచాలా, కాలానికి కట్టి ఉంచాలా అన్నది విడిగా నిర్ణయించుకోవచ్చు. రీపర్‌లోనూ ప్రాజెక్టుకూ, ట్రాకుకూ, చివరకు ఒక్క ఆడియో ముక్కకూ కూడా ఆ ఎంపిక ఉంది. ఇది చిన్న విషయంలా కనిపించినా, పద్యం తరువాత వచ్చే కీర్తన కోసం మీరు టెంపో మార్చిన క్షణంలో పద్యంలోని ముక్కలన్నీ చెల్లాచెదురైతే దాని విలువ తెలిసివస్తుంది.

కీర్తనల విషయంలో అవసరం దీనికి ఎదురుగా ఉంటుంది. అక్కడ లయ ఉంది కాని యంత్రం పట్టే లయ కాదు. చరణం చివరికి వచ్చేసరికి భజన బృందం సహజంగానే కొంత వేగం అందుకుంటుంది. అటువంటి రికార్డింగును విని, దాని నడకను బట్టి గళ్లను గీసుకునే సౌకర్యం క్యూబేస్‌లో టెంపో డిటెక్షన్ పేరుతోనూ, లాజిక్‌లో 2018లో వచ్చిన 10.4 వెర్షన్ నుంచి స్మార్ట్ టెంపో పేరుతోనూ ఉంది. రీపర్‌లో టెంపో గుర్తులను మీరే చేత్తో పెట్టుకుంటూ పోవలసి ఉంటుంది. ఓపిక ఉంటే ఫలితం బాగానే వస్తుంది. గళ్లు మనిషి లయను అనుసరించాలే గాని, మనిషిని గళ్ల వెంట ఈడ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం. తాళం సంగతికి వస్తే ఖండచాపుకు ఐదు, మిశ్రచాపుకు ఏడు అక్షరాలు పెట్టుకోవడం ఈ మూడింటిలో దేనిలోనూ కష్టం కాదు.

శ్రుతి సవరింపు గురించి మీరు అడగలేదు కాని నేను చెప్పక తప్పదు. స్వయంచాలకంగా శ్రుతి దిద్దే సాధనాలు మామూలుగా ప్రతి ధ్వనినీ పన్నెండు స్వరస్థానాల్లో దగ్గరున్న దానికి లాగుతాయి. తోడిలో గాంధారం ఒక చోట కుదురుగా నిలబడేది కాదు. రిషభ మధ్యమాల మధ్య ఊగితేనే అది తోడి గాంధారం. దాన్ని యంత్రానికి అప్పగిస్తే మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. అందువల్ల గొంతు గీతను కంటికి చూపించి, ఒక్కొక్క స్వరాన్ని విడిగా, కొద్దికొద్దిగా కదిలించనిచ్చే సాధనమే మీకు పనికివస్తుంది. క్యూబేస్‌లో దాని పేరు వేరీఆడియో, లాజిక్‌లో ఫ్లెక్స్ పిచ్. ప్రీసోనస్ సంస్థ 2009లో తెచ్చిన స్టూడియో వన్‌ను మీ సలహాదారులెవరూ చెప్పలేదు కాని, మెలోడైన్ అనే ప్రసిద్ధ సాధనాన్ని తన లోపలే నేరుగా తెరిచే ఏర్పాటును 2011లో మొదట తెచ్చినది అదే; ఇప్పుడు ఆ ఏర్పాటు మిగిలినవాటిలోకీ వచ్చింది. రీపర్‌తో వచ్చే రీట్యూన్‌లో చేత్తో దిద్దే వీలు ఉంది గాని, గొంతు పని ఎక్కువగా ఉన్నవారు మెలోడైన్ వంటిదాన్ని వేరే కొనుక్కోవలసి రావచ్చు. క్యూబేస్ కొనేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం: అది ఎలిమెంట్స్, ఆర్టిస్ట్, ప్రో అని వేరువేరు స్థాయిల్లో వస్తుంది, అట్టడుగు స్థాయిలో వేరీఆడియో ఉండదు. సంస్థ ఇచ్చే పోలిక పట్టికలో మీకు కావలసిన పని ఏ స్థాయిలో మొదలవుతున్నదో చూసి మరీ డబ్బు కట్టండి.

కీబోర్డు మీద వయొలిన్ గమకాల కోసం సాఫ్ట్‌వేర్ మార్చాలనుకుంటే మాత్రం ఆ ఆలోచన మానుకోండి. 1983లో వచ్చిన మిడీ (కీబోర్డు మీద వాయించినదాన్ని ధ్వనిగా కాక సూచనలుగా పంపే) పద్ధతిలో స్వరాన్ని వంచే చక్రం అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తుంది. చాలా వాద్యాల్లో అది మొదట పైకి రెండు, కిందికి రెండు స్వరస్థానాల మేర మాత్రమే వంగేలా పెట్టి ఉంటుంది. తోడి గాంధారానికి ఆ మేర సరిపోతుంది. షడ్జం నుంచి పంచమానికి జారు వేయాలంటే ఏడు స్థానాలు కావాలి కనుక, ఆ పరిధిని వాద్యంలో పన్నెండుకు పెంచుకోండి. అలాగే పాత హార్మోనియం శ్రుతి కీబోర్డు శ్రుతితో కచ్చితంగా కలవకపోవచ్చు. రికార్డింగుకు ముందు హార్మోనియం మీద షడ్జం ఒక్కటి పట్టి, ట్యూనర్‌లో ఎన్ని సెంట్ల (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో నూరో వంతుల) తేడా ఉందో చూసి, కీబోర్డు వాద్యాలనే ఆ మేరకు జరపండి.

మ్యాక్ విషయంలో తొందరపడవద్దు. లాజిక్ మంచి సాఫ్ట్‌వేర్, దానితో వచ్చే వాద్యాల సంపద కూడా పెద్దది; కాని అది ఆపిల్ యంత్రాల మీదే నడుస్తుంది. 2002లో ఆపిల్ సంస్థ లాజిక్‌ను తయారుచేస్తున్న జర్మనీలోని ఎమాజిక్‌ను కొని విండోస్ వెర్షన్‌ను ఆపివేసినప్పుడు, విండోస్ మీద ఏళ్ల తరబడి పనిచేసినవారు యంత్రమైనా మార్చుకోవలసి వచ్చింది, సాఫ్ట్‌వేరైనా మార్చుకోవలసి వచ్చింది. 2017 నవంబరులో గిబ్సన్ సంస్థ కేక్‌వాక్ సాఫ్ట్‌వేర్ల తయారీ ఆపుతున్నట్టు ప్రకటించినప్పుడూ చాలామంది దిక్కుతోచక నిలబడ్డారు; మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బ్యాండ్‌ల్యాబ్ దాన్ని తీసుకోవడంతో ఊపిరి పీల్చుకున్నారు. ఏ సాఫ్ట్‌వేరూ శాశ్వతం కాదు కనుక, మీ పాత ప్రాజెక్టులు ఇంకా తెరుచుకుంటున్న ఈ రోజుల్లోనే ఒక్కొక్కదాన్ని తెరిచి, ప్రతి ట్రాకునూ మొదటి సెకను నుంచి చివరి దాకా విడి వేవ్ (కుదించని ఆడియో) ఫైలుగా ఎగుమతి చేసి దాచుకోండి. పదిహేనేళ్ల కిందటి నా సొంత ప్రాజెక్టు ఒకటి ఈ మధ్య తెరిస్తే, వేణువు వాయించిన ప్లగిన్ (వాద్య ధ్వని ఇచ్చే చేర్పు సాఫ్ట్‌వేర్) ఇప్పుడు దొరకదని తేలింది. మిడీ గీతలు మిగిలాయి గాని ఆ ధ్వని పోయింది. ఆ పాటలో పాడిన పెద్దాయన ఇప్పుడు లేరు. మీ దగ్గరున్నవి పద్య గాయకుల గొంతులు కాబట్టి, కొత్త సాఫ్ట్‌వేర్ కొనడం కంటే ముందు ఈ పని చేయండని వేడుకుంటున్నాను.

నా ఎంపిక అడిగారు కనుక చెబుతున్నాను. మొదట రీపర్‌ను పరీక్షించండి. విండోస్ మీద నడుస్తుంది, 60 రోజులు అన్ని సౌకర్యాలతో వాడి చూడవచ్చు, చిన్న స్థాయిలో పనిచేసేవారికి లైసెన్సు ధర 60 డాలర్లు. అయితే దానితో వాద్యాల ధ్వనులు దాదాపుగా రావు. మీ తంబూర, వేణువు ప్లగిన్లు పాత సాఫ్ట్‌వేర్‌తో కాకుండా విడిగా కొన్నవే అయితే ఆ లోటు మీకు తెలియదు. ఆ 60 రోజుల్లో ఒక పద్యం, ఒక కీర్తన మొదటి నుంచి మిక్సింగు దాకా పూర్తిచేయండి. సగం చేసిన పది ప్రయోగాల కంటే పూర్తయిన ఒక్క పాట మీకు ఎక్కువ చెబుతుంది. కీర్తన దగ్గర టెంపో గుర్తులు పెట్టడంలో మీ ఓపిక నశిస్తే అప్పుడు క్యూబేస్ ట్రయల్ తీసుకొని అదే కీర్తనను అందులో చేసి చూడండి. 2022లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి దానికి లైసెన్సు కోసం యూఎస్‌బీ తాళం గుచ్చే బాధ కూడా లేదు.

ప్రశ్న: పాడేటప్పుడు నా గొంతు హెడ్‌ఫోన్లలో కాస్త ఆలస్యంగా వినిపిస్తున్నది. మంచి సాఫ్ట్‌వేర్‌కు మారితే ఈ ఇబ్బంది పోతుందా? — ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: పోదమ్మా. ఇది దాదాపుగా సాఫ్ట్‌వేర్ లోపం కాదు, బఫర్ (కంప్యూటర్ ధ్వనిని కొద్దికొద్దిగా పోగుచేసి అందించే నిల్వ) పరిమాణం వల్ల వచ్చే ఆలస్యం. సెకనుకు 44,100 శాంపిళ్ల (ధ్వని కొలతల) లెక్కన రికార్డు చేస్తూ బఫర్‌ను 512 శాంపిళ్ల దగ్గర ఉంచితే, లోపలికి వెళ్లడానికి 11.6 మిల్లీసెకన్లు, బయటికి రావడానికి మళ్లీ అంతే పడుతుంది. పాడేవారికి ఆ తేడా ఇబ్బందిగా తెలుస్తుంది. పాడేటప్పుడు 128కి తగ్గిస్తే ఒక్కొక్క వైపు 2.9 మిల్లీసెకన్లే అవుతుంది. మిక్సింగు సమయంలో కంప్యూటర్ మీద భారం తగ్గడానికి మళ్లీ పెంచుకోండి. విండోస్ వాడుతున్నట్లయితే, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) తయారీదారు ఇచ్చిన, ఆలస్యం తగ్గించే అసియో డ్రైవర్‌ను ఎంచుకున్నారో లేదో ముందు చూడండి. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే, గొంతును కంప్యూటర్ చుట్టూ తిప్పకుండా నేరుగా వినవచ్చు. ఆ మీట వేసినప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ ఆపండి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.

ప్రశ్న: ఇంజినీరింగు చదువుతున్నాను. మా ఊరి డప్పు దరువులను రికార్డు చేసి, వాటి మీద బీట్లు కట్టి జానపద పాటలు చేస్తుంటాను. ఎఫ్‌ఎల్ స్టూడియో ట్రయల్‌లో పని చేస్తున్నాను కాని సేవ్ చేసిన పాట మరునాడు తెరుచుకోవడం లేదు. కళాశాల ఉత్సవాల్లో డప్పు బృందంతో కలిసి వేదిక మీద వాయించాలని ఉంది. మిత్రులు ఏబుల్‌టన్ లైవ్ తీసుకోమంటున్నారు. — ఒక విద్యార్థి, వరంగల్

సమాధానం: మీ ఫైలుకు ఏమీ కాలేదు. ఆ ట్రయల్‌లో అన్ని సౌకర్యాలూ పనిచేస్తాయి, సేవ్ కూడా అవుతుంది, కాని కొన్న తరువాతే ఆ ఫైలు మళ్లీ తెరుచుకుంటుంది. అందువల్ల ట్రయల్‌లో ఉన్నంతకాలం ఒకే కూర్చోవడంలో పూర్తయ్యే చిన్న పని పెట్టుకొని, లేచే ముందు ఆడియోగా ఎగుమతి చేసుకోండి.

ఎఫ్‌ఎల్ స్టూడియో 1997లో బెల్జియంలో ఫ్రూటీలూప్స్ పేరుతో మొదలైంది. దరువును ఒక ముక్కగా కట్టి, ఆ ముక్కలను పేర్చుకుంటూ పాట నిర్మించేవారికి దాని పద్ధతి చేతికి ఇట్టే అలవాటవుతుంది. స్వరాలు గీసుకునే పియానో రోల్ దాని బలం. ఒకసారి కొన్నవారికి తరువాతి వెర్షన్లు జీవితకాలం ఉచితం, విద్యార్థికి ఇది తక్కువ సంగతి కాదు. కాని మీరు డప్పును నిజంగా మైకు పెట్టి రికార్డు చేస్తున్నారు గనుక, అన్నిటికంటే చవకైన ఎడిషన్‌లో ఆడియో రికార్డింగుకు ఉన్న పరిమితులను కొనే ముందు పరిశీలించండి. డబ్బు మిగిలిందని సంతోషించి, మైకు వాడుకోలేక కూర్చునేవారిని చూశాను.

లైవ్ బెర్లిన్‌లో పుట్టి 2001లో విడుదలైంది, దాని పేరులోనే దాని ఉద్దేశం ఉంది. అందులోని సెషన్ వ్యూలో దరువు ముక్కలు, పల్లవి, కోరస్ అన్నీ గళ్లలో విడివిడిగా ఉంటాయి. ఏది ఎప్పుడు మోగాలో వేదిక మీదే నిర్ణయించుకోవచ్చు. జనం ఊపులో ఉంటే చరణం తరువాత దరువునే మరో నాలుగు ఆవృత్తాలు తిప్పవచ్చు. నొక్కిన గడి వెంటనే కాకుండా తరువాతి ఆవృత్తం మొదట్లోనే అందుకుంటుంది కాబట్టి లయ తప్పదు. ఐదక్షరాల దరువు ముక్క ఒక ట్రాకులోనూ, ఎనిమిదక్షరాలది మరో ట్రాకులోనూ వేటి పొడవున అవి తిరుగుతూ నలభై అక్షరాల దగ్గర కలుసుకుంటాయి. డప్పు మీద ఇటువంటి లెక్కలు ఆడుకునే పిల్లవాడికి అది పెద్ద ఆకర్షణ.

అయితే ఒక చిక్కుంది. వేదిక మీద డప్పు బృందం తన వేగాన్ని తాను పెంచుకుంటుంది. కంప్యూటర్ మాత్రం మామూలుగా పెట్టిన టెంపో దగ్గరే ఉంటుంది. బృందంలో పెద్ద డప్పు వాయించేవారికి చెవిలో క్లిక్ వినిపించి, మిగిలినవారు ఆయన్ను అనుసరించేలా సాధన చేయించాలి, లేదా టెంపోను కీబోర్డు మీద తట్టి సవరించే బాధ్యత మీరే తీసుకోవాలి. ఈ సాధన కుదరకపోతే లైవ్ కొన్నా ఉపయోగం లేదు. నా సలహా ఇది: ప్రస్తుతం ఇంట్లో పాటలు కట్టడమే మీ ప్రధాన పని గనుక ఎఫ్‌ఎల్ స్టూడియోలో ఆడియో సౌకర్యమున్న ఎడిషన్ కొనుక్కోండి. ఉత్సవం దగ్గర పడినప్పుడు లైవ్ ట్రయల్ దించుకొని, మీరు కట్టిన ముక్కలను అందులో వేసి, బృందంతో కనీసం నాలుగు సాయంత్రాలు వాయించి చూడండి. వేదిక పని నిజంగా పెరిగితే లైవ్‌లో చిన్నదైన ఇంట్రో ఎడిషన్ 16 ట్రాకులతో వస్తుంది, మొదట్లో అది చాలు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటున్నాను. ఇక్కడి తెలుగు చర్చి కోసం కీర్తనలకు వాద్యాలు సమకూరుస్తాను, గాయకులు విజయవాడలో పాడి పంపుతారు. నాది లాజిక్, అక్కడి స్టూడియోలో క్యూబేస్ ఉంది. అందరం ఒకే సాఫ్ట్‌వేర్‌కు మారితే మేలా? పాట ఎత్తుగడ ఎక్కడో తెలియక గాయకులు మొదటి అక్షరం మింగేస్తుండటం మరో ఇబ్బంది. — ఒక పాఠకుడు, డాలస్

సమాధానం: అవసరం లేదు. చేతికి అలవాటైన సాఫ్ట్‌వేర్‌ను మీరు గాని వారు గాని వదులుకుంటే, ఫైళ్లు పంపుకోవడంలో మిగిలే సమయం కంటే కొత్తది నేర్చుకోవడంలో పోయే సమయమే ఎక్కువ. మీకు కావలసింది రెండు వైపులా ఒప్పుకున్న ఒక కట్టుబాటు. అందరూ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లనే వాడాలి. గాయకుడు రెండో చరణం మాత్రమే పాడినా ఆ ఫైలు పాట మొదటి క్షణం నుంచే మొదలవ్వాలి. పాట టెంపో, శ్రుతి ఫైలు పేరులోనే రాయాలి. అప్పుడు విజయవాడ నుంచి వచ్చిన ఫైలును మీరు ప్రాజెక్టు మొదట్లో వదిలితే తనంతట తానే సరైన చోట కూర్చుంటుంది. ఈ లెక్కన ఒక మోనో గొంతు ట్రాకు నిమిషానికి 8.64 మెగాబైట్లు అవుతుంది. ఐదు నిమిషాల కీర్తనకు సుమారు 43. కాబట్టి ఎంపీ3గా కుదించి పంపవలసిన పని లేదు, వాట్సాప్‌లో వాయిస్ సందేశంగా అసలే పంపవద్దు. గొంతుకు రివర్బ్ (గది ప్రతిధ్వని) వేయకుండా పంపమని కోరండి. వారికి నచ్చిన రివర్బ్ ఉంటే వినడానికి నమూనాగా మరో ఫైలు పంపవచ్చు.

ప్రాజెక్టునే ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి మార్చుకునేందుకు డా ప్రాజెక్ట్ అనే బహిరంగ ఫైలు పద్ధతిని బిట్‌విగ్, ప్రీసోనస్ సంస్థలు 2023లో తెచ్చాయి. క్యూబేస్ 14వ వెర్షన్ నుంచి దాన్ని అందుకుంటున్నది. రెండు వైపులా ఆ పద్ధతి ఉన్నచోట ట్రాకుల పేర్లు, శబ్ద స్థాయులు కూడా వెంట వస్తాయి. ఒక వైపు లేకపోతే విడి వేవ్ ఫైళ్లే నమ్మకమైన మార్గం. మీరు ముందుగా పంపే పైలట్ ట్రాకులో (గాయకులు విని పాడే నమూనాలో) పల్లవికి ముందు రెండు ఆవృత్తాల క్లిక్ వదలండి. ఎత్తుగడ ఎక్కడో తెలియక గాయకులు మొదటి అక్షరం మింగేస్తున్నారని మీరు ఉత్తరం చివర రాసిన ఇబ్బంది దానితో తీరుతుంది.